కొండ పక్కన ఇల్లుంటే వానలకి ముందే ఏం చూసుకోవాలి?

2024 ఆగస్టు 31, శనివారం. విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే బుడమేరు వరద రావడంతో అందరి దృష్టీ అటు మళ్లింది గానీ, కొండ ప్రాంతంలో ఉండేవాళ్లకి ఇప్పటికీ గట్టి వాన పడితే నిద్ర పట్టదు. 2020 దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద కూడా ఇలాగే రాళ్లు విరిగిపడ్డాయి. అడిగితే అందరూ చెప్పేది ఒకటే, వాన ఎక్కువైందని. అది నిజమే, కానీ అదే వాన పక్క కొండ మీద కూడా పడింది కదా, అది ఎందుకు నిలబడింది? వాన చివర్లో వచ్చి తోస్తుంది, అంతే. కొండని బలహీనం చేసినవి అంతకుముందు నుంచే ఉంటాయి, వాటిలో చాలావాటిని మే నెల ఎండలో, ఇంటి చుట్టూ ఒక గంట తిరిగితే మీరే చూడొచ్చు.

గుణదల, మాచవరం, చిట్టినగర్, విద్యాధరపురం, ఇటు మంగళగిరి, ఎక్కడున్నా పద్ధతి ఇదే.

మొదట కొండ పాదం చూడండి

ఇంటికి ఇంకో గది కలుపుదామనో, బండి పెట్టుకోడానికి చోటు కావాలనో వెనక కొండని నిలువుగా చెక్కేస్తాం. పైనున్న మట్టి, రాళ్ల బరువంతా ఆనుకుని ఉండేది ఆ పాదం మీదే. అక్కడ తవ్వడమంటే మెట్లెక్కిన మనిషి కాళ్ల కింద మెట్టు తీసేసినట్టు. తవ్విన రోజున ఏమీ కాదు, ఏడాదైనా ఏమీ కాకపోవచ్చు, అందుకే ధైర్యం వచ్చి ఇంకొంచెం తవ్వుతాం. మీ ఇంటి వెనక నిలువుగా చెక్కిన చోటు ఉంటే, అది ఎవరు ఎప్పుడు చెక్కినా సరే, ముందు అనుమానించాల్సింది దాన్నే. ఇక మీద అక్కడ ఒక్క పార మట్టి కూడా తియ్యకండి. పైన అంచులో మట్టి గుట్ట పోయడం, నీళ్ల ట్యాంకు కట్టడం కూడా అంతే ప్రమాదం, కింద ఊతం తగ్గించి పైన బరువు పెంచినట్టు అవుతుంది.

తర్వాత నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీని మీద పెట్టమంటాను. వాలు మీద మట్టి జారకుండా నిలబడేది రేణువుల మధ్య ఉండే రాపిడి వల్ల, వాటి పట్టు వల్ల. లోపలికి నీళ్లు దూరితే బరువు పెరుగుతుంది, ఘనపు మీటరు నీళ్లంటే వెయ్యి కిలోలు మరి. బరువు ఒక్కటే అయితే కొంత నయం, ఆ నీరు పోయే దారి లేక లోపల నిలిచిపోతే రేణువుల్ని ఒకదాని నుంచి ఒకటి నెట్టేస్తుంది, అప్పుడు రాపిడి తగ్గి మొత్తం మట్టి కదలడానికి సిద్ధమవుతుంది.

కాబట్టి వాన నీళ్ల సంగతి ఒక్కటే చూస్తే చాలదు. పై ఇంటివాళ్ల బాత్రూమ్ నీళ్లు ఎటు వెళ్తున్నాయి, కుళాయి పైపు ఎక్కడైనా కారుతోందా, సెప్టిక్ ట్యాంకు ఊరుతోందా, అన్నీ చూడండి. ఎండాకాలంలో కూడా ఒకచోట నేల చెమ్మగా, పచ్చగా గడ్డి మొలిచి ఉందంటే పైన ఎక్కడో లీకు ఉండొచ్చు. పై ఇంటావిడతో గొడవ పెట్టుకోకండి, "అక్కా, ఈ పైపు నీళ్లు మా గోడ వెనక దిగుతున్నాయి, కాలవలోకి కలుపుదాం" అని చెప్పి, ఖర్చు చెరి సగం వేసుకున్నా నష్టం లేదు. చెక్కిన అంచుకి పైన, కాస్త వెనగ్గా, సిమెంటు కాలవ కట్టించి వాన నీళ్లని పక్కకి మళ్లించండి. అందులో చెత్త నిండకుండా చూసుకోవాలి.

రక్షణ గోడ ఉంటే దాని కన్నాలు చూడండి. గోడ వెనక నీరు బయటికి రావడానికి వదిలినవి అవి. చీమలొస్తున్నాయని, మురికి కారుతోందని చాలామంది సిమెంటు పెట్టి మూసేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. మూసుకుపోతే ఇనుప చువ్వతో శుభ్రం చేయించండి. గోడ ముందుకి ఒరిగినా, మధ్యలో పొట్ట వచ్చినా మేస్త్రీతో పైపూత వేయించి ఊరుకోవద్దు, ఇంజినీరుకి చూపించాలి.

రాళ్ల సంగతి

బెజవాడ కొండల్లో ఎక్కువగా ఉండేవి ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు. ఖోండలైట్ ఎండకీ వానకీ మెల్లగా కుళ్లి మెత్తబడి ఎర్రమట్టి అవుతుంది, మధ్యలో గట్టి గుండ్లు మిగిలిపోతాయి. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతే ఆ గుండు దొర్లుతుంది. రాతిలో పగుళ్లు మీ ఇంటి వైపు వాలి ఉంటే, పలక మీద పలక జారినట్టు జారొచ్చు. పగుళ్లలో మొలిచిన రావి, మర్రి వేళ్లు వాటిని ఇంకా వెడల్పు చేస్తాయి. అలాంటి రాయి కనిపిస్తే గునపంతో మీరే పడగొట్టే ప్రయత్నం వద్దు, ఫొటో తీసి వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి.

పగుళ్లకి గుర్తులు పెట్టండి

నేల మీద అంచుకి సమాంతరంగా నెర్రె కనిపిస్తే రెండు వైపులా చిన్న మేకులు దిగ్గొట్టి మధ్య దూరం స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాసుకోండి. వారానికోసారి చూడండి. గోడ పగులైతే రెండు పక్కలా పెన్సిల్ గీతలు చాలు. దూరం పెరుగుతోందంటే కొండ కదులుతోందన్నమాట. అప్పుడు వానల దాకా ఆగకండి, ఇల్లు మారే ఆలోచన చేయండి. తుపాన్లు అక్టోబరు, నవంబరుల్లో కూడా వస్తాయి కాబట్టి దసరా ముందు మళ్లీ ఒకసారి ఇదంతా చూడాలి.

(కొండ లేని వాళ్లకి ఒక మాట: కాలవ గట్టు మీద ఇల్లున్నా ఇదే లెక్క. కాలవలో నీళ్లు ఒక్కసారిగా తగ్గించినప్పుడు గట్టు లోపల నీరు అలాగే ఉండిపోతుంది, బయట ఆపే నీరు ఉండదు, గట్టు జారేది అప్పుడే.)

వాన పడే రాత్రి

కొండ వైపు గదిలో ఎవరూ పడుకోవద్దు. చిన్న రాళ్లు రాలుతున్నా, తేటగా వచ్చే నీరు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, బాగా వచ్చే ఊట ఆగిపోయినా, తలుపులు బిగుసుకున్నా వెంటనే బయటికి వచ్చేయండి. సామాన్లు, కాగితాలు ముందే ఒక సంచిలో ఉండాలి. కింది వైపు పరిగెత్తకండి, రాళ్లు వచ్చే దారి అదే, పక్కకి వెళ్లండి. పక్కింటి వాళ్ల తలుపు కొట్టి, 112కి ఫోన్ చేయండి. ఒకసారి రాయి పడిన చోట మళ్లీ పడొచ్చు, కాబట్టి వాన తగ్గిందని ఫోన్ ఛార్జర్ కోసమో బంగారం కోసమో వెంటనే లోపలికి వెళ్లొద్దు, ఇంజినీరు వచ్చి చూసి చెప్పేదాకా చుట్టాల ఇంట్లోనే ఉండండి.