నాలుగో పాఠం: రక్తం ఆగిందా, ఆగినట్టు కనిపిస్తోందా?

ఈసారి కటి ఎముకలు విరిగినవాళ్లకి దుప్పటితో కట్టు కట్టడం చూపిస్తానన్నాను. అది వచ్చే పాఠానికి పోయింది. మీరు పంపిన ప్రాక్టీస్ వీడియోలే కారణం. అందరూ టోర్నికెట్ (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే కట్టు) కట్టారు, బిగించింది మాత్రం కొందరే.

ముందు గాయాన్ని చేత్తో అదమాలనీ, కట్టు గాయానికి నాలుగు వేళ్లు పైన ఉండాలనీ, కీలు మీద కట్టకూడదనీ మళ్లీ చెప్పను.

నా బాధంతా బిగింపు దగ్గరే. రక్తాన్ని తెచ్చే ధమనిలో ఒత్తిడి ఎక్కువ, తిరిగి తీసుకెళ్లే సిరలో తక్కువ. కాస్త నొక్కితే సిర మూసుకుపోతుంది, ధమని మూసుకోదు. సగం బిగిస్తే రక్తం వస్తూనే ఉంటుంది, వెనక్కి పోయే దారి ఉండదు. ఇక గాయంలోంచే పోవాలి. అంటే కట్టకముందు కంటే ఎక్కువ కారుతుంది! శాంపిల్ తీసేముందు సిర ఉబ్బడానికి రబ్బరు ట్యూబు కడతాం కదా, మీలో చాలామంది కట్టింది అదే.

ఎందుకు వదులు చేస్తారో నాకు తెలుసు. సరిగ్గా బిగిస్తే మనిషి అరుస్తాడు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, గడ్డి కోసే మెషిన్‌లో చెయ్యి పడిన ఒకాయన "అయ్యా, కొంచెం సడలించండి" అని బతిమాలితే సడలించాను. ఆగిన రక్తం మళ్లీ చిమ్మింది. నొప్పికి ఇంజక్షన్ ఉంది, పోయిన రక్తానికి మీ పీహెచ్‌సీలో ఏముంది? పదిహేను నిమిషాలకోసారి వదులు చేయాలన్న పాత మాట కూడా మర్చిపోండి. కట్టిన టైము స్కెచ్ పెన్నుతో నుదుటి మీద రాయండి. రెండు గంటల లోపు సర్జన్ దగ్గరికి చేరేలా పంపండి. విప్పడం అక్కడివాళ్ల పని.

బిగింపు చాలిందని ఎలా తెలుస్తుంది? రక్తం ఆగాలి, కట్టుకి కింద నాడి అందకూడదు. ఈ రెండూ కావాలి. ఒక్కటే అయితే ముడిలో దూర్చిన కాడని ఇంకో చుట్టు తిప్పండి. అప్పటికీ ఆగకపోతే దాని పైన రెండోది కట్టండి.

దేనితో కట్టాలి? కంపెనీ టోర్నికెట్ ఉంటే అదే. లేకపోతే మూడు వేళ్ల వెడల్పు మడిచిన చున్నీ, తువ్వాలు, లుంగీ ముక్క. నాకైతే పాత కాటన్ చీర చింపినదే ఇష్టం, ముడి జారదు. ప్లాస్టిక్ తాడు, కరెంటు వైరు వద్దు, కండని కోస్తాయి. తిప్పడానికి పెన్ను వాడినవాళ్లు చూశారుగా, విరిగింది. స్టీలు గరిట కాడ తీసుకోండి. బీపీ కఫ్ కూడా పనికొస్తుంది గానీ గాలి మెల్లగా దిగుతుంది, కాబట్టి ట్యూబుని ఆర్టరీ ఫోర్సెప్స్‌తో (కత్తెరలా ఉండి నొక్కి పట్టే పరికరం) పట్టేయండి.

ట్రానెక్సా (రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజక్షన్) గురించి అడిగారు. 2010, 2011లో వచ్చిన క్రాష్-2 అధ్యయనం ఫలితాల నుంచి లెక్క ఇదే: దెబ్బ తగిలిన 3 గంటల లోపు 1 గ్రాము, 10 నిమిషాల్లో. తర్వాత ఇంకో గ్రాము 8 గంటలపాటు. 3 గంటలు దాటాక మొదలుపెట్టొద్దు, మేలుకన్నా కీడు ఎక్కువ.

ఇంకో మాట. "ఎవరైనా ఆక్సిజన్ పెట్టండి" అంటే ఎవరూ పెట్టరు. పేరు పెట్టి చెప్పండి. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి, పని అయ్యాక "అయింది" అనాలి. ముగ్గురే ఉన్నా ఒకరు చేతులు పెట్టకుండా నిలబడి చూడాలి. అది డాక్టరే కానక్కర్లేదు.

ప్రాక్టీస్: ఒకరి చేతికి ఒకరు కట్టుకోండి. రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లు చెయ్యి ఇవ్వొద్దు. మణికట్టు నాడి పోయేదాకా బిగించి, నిమిషం లోపే విప్పేయండి. చేతులు మార్చుకుంటూ రోజుకి ఐదుసార్లు, వారం రోజులు. ఆఖరి రెండు రోజులు లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి వెలుగులో కట్టండి. అటెండరు, స్వీపరు కూడా కట్టాలి. మూడో మనిషి పేషెంటు అన్నయ్యలా పక్కన నిలబడి "సడలించండి, సడలించండి" అని గోల చేయాలి. నాడి పోకముందే సడలించినవాళ్లు మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకోవాలి.