మే, జూన్‌లో శ్రీలంకకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

పిల్లలకు సెలవులు ఇవ్వగానే మనవాళ్లకు శ్రీలంక గుర్తొస్తుంది. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలో కొలంబో. అన్నం, కూర, కొబ్బరి, కరివేపాకు దొరికే దేశం. పైగా సీతమ్మవారిని ఉంచిన చోటు చూసి రావాలని ఇంట్లో పెద్దవాళ్ల కోరిక. చిక్కల్లా ఒక్కటే. మన సెలవులు పడేది సరిగ్గా అక్కడ నైరుతి రుతుపవనాలు దిగే రోజుల్లో. కేరళ కంటే ముందే అవి లంకను తాకుతాయి. 2016లోనూ 2017లోనూ మే నెలలోనే అక్కడ వరదలొచ్చి, కొండచరియలు విరిగిపడి ఎంతోమంది చనిపోయారు.

అలాగని టిక్కెట్లు రద్దు చేసుకోనక్కర్లేదు. నేను మూడుసార్లు వెళ్లాను, అందులో రెండుసార్లు వానల్లోనే. మొదటిసారి తెలియక వెళ్లి గాల్ బీచ్‌లో హోటల్ గదికి మూడు రోజులు అతుక్కుపోయాం. రెండోసారి అదే నెలలో వెళ్లి గొడుగు విప్పకుండా తిరిగొచ్చాం. ఏ నెల మంచిదని అందరూ అడుగుతారు గానీ, ఆ నెలలో దేశంలో ఏ వైపుకు వెళ్లాలో ఎవరూ అడగరు. లంకలో అసలు కిటుకు అక్కడుంది.

గట్టుకు ఇటు వాన, అటు ఎండ

దేశం నడిబొడ్డున కొండలున్నాయి. అన్నిటికన్నా ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. మే నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతి నుంచి వచ్చి ఈ కొండల పడమటి వైపును గుద్దుకుంటుంది. కొలంబో, గాల్, రత్నపుర, హట్టన్ తడిసి ముద్దవుతాయి. అదే గాలి గట్టు దాటేసరికి తడి వదిలేసి వేడిగా, పొడిగా తూర్పుకు దిగుతుంది. బట్టికలోవా వైపు దాన్ని కచ్చన్ గాలి అంటారు. మన కోస్తాలో వడగాలి తగిలినవాళ్లకు దాని సంగతి వేరే చెప్పాలా!

హపుతలె ఊరు ఆ గట్టు మీదే కూర్చుని ఉంటుంది. జూన్‌లో ఒక పొద్దున అక్కడ టీ తాగుతుంటే, కొట్టు ముందు వైపు మంచు కమ్మి రోడ్డు కనబడ్డం లేదు. వెనక తలుపు తీసి చూస్తే లోయంతా ఎండ! ఊవా ప్రాంతపు టీకి అంత పేరు రావడానికి కారణం కూడా జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వీచే ఈ పొడిగాలే.

కాబట్టి సెలవుల్లో వెళ్తే ట్రింకోమలీ, పాసికుడా, అరుగంబే, జాఫ్నా, అనూరాధపురం, పొలొన్నరువ, సిగిరియ పెట్టుకోండి. ఎల్లా ఊరు ఆ గట్టుకు తూర్పు వైపు ఉంది కాబట్టి నువర ఎలియ కంటే నయం. గాల్, మిరిస్స, ఉనవటున బీచ్‌లు డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటాయి, వాటిని అప్పటికి అట్టిపెట్టుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం ఏ వైపుకూ పూచీ లేదు. బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలం అది. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ కొండల్లో వందలమందిని పొట్టన పెట్టుకుంది.

ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన జాబితాలో శ్రీపాద శిఖరం ఉందేమో చూడండి. దాని యాత్ర డిసెంబరు పున్నమితో మొదలై మేలో వచ్చే వెసాక్ పున్నమితో ముగుస్తుంది. ఆ తర్వాత దారి దీపాలుండవు, టీ కొట్లు ఎత్తేస్తారు. నల్లతన్ని వైపు నుంచి దాదాపు 5,500 మెట్లు. చీకట్లో, వానలో, జలగల మధ్య ఆ మెట్లెక్కించి గొప్ప అనుభవమని చెప్పే ఏజెంటును మార్చేయండి.

కొండ, సెలయేరు, కడలి

కొండ ఊళ్లలో గది తీసుకునే ముందు, ఆ రోజుల్లో కొండచరియల హెచ్చరిక ఏమైనా ఉందా అని హోటల్‌కు ఫోన్ చేసి అడగండి. అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ జిల్లాలవారీగా మూడు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండమని, కాషాయం అంటే మూట సర్దుకుని సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే ఖాళీ చేయమని. బదుల్ల, నువర ఎలియ, రత్నపుర, కేగల్ల, కాండీ పేర్లు వినబడితే చెవులు రిక్కించండి. రంగులు సరే, కళ్లతో చూసేవీ ఉన్నాయి. గోడకో నేలకో కొత్త పగులు, చెట్లో స్తంభాలో ఒక పక్కకు ఒరగడం, నిన్నటిదాకా తేటగా పారిన ఊట ఉన్నట్టుండి బురదగా మారడం లేదా ఆగిపోవడం. వీటిలో ఏది కనబడ్డా తెల్లారేదాకా ఆగకండి. అలాంటి ప్రమాదం లేనప్పుడు మాత్రం రాత్రిపూట వానలో కొండ రోడ్డు మీద ప్రయాణం అసలు వద్దు.

రామాయణ యాత్రలో మనవాళ్లు జారిపడేది సీత ఎలియలో. అమ్మవారి గుడి పక్కనే ఏరు, ఆ రాళ్ల మీద హనుమంతుడి అడుగులని చూపిస్తారు. పాచి పట్టిన రాయి, కాలికి చెప్పులుండవు, చేతిలో ఫోను. ఇంకేం కావాలి! ఎల్లా దగ్గర రావణ జలపాతంలో స్నానానికి దిగకండి. పైన ఎక్కడో వాన పడితే కింద మీ నెత్తిన ఎండ కాస్తుండగానే నీళ్లొచ్చి పడతాయి. ఏ సెలయేట్లోనైనా నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా ఆ క్షణమే ఒడ్డెక్కాలి.

ఈ నెలల్లో దక్షిణపు సముద్రం చూడ్డానికే. ఎర్రజెండా ఉన్నచోట మోకాలి లోతుకు కూడా వద్దు. ఒకవేళ నీరు లోపలికి లాగేస్తుంటే ఒడ్డుకేసి ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. తూర్పున ట్రింకోమలీ, పాసికుడా దగ్గర కడలి శాంతంగా ఉంటుంది గానీ, అరుగంబే దగ్గర ఏరు కడలిలో కలిసే చోట మొసళ్లుంటాయి. 2017లో ఒక బ్రిటిష్ పాత్రికేయుడు అక్కడే మొసలి వాత పడ్డాడు. సింహళంలో మొసలిని కింబుల అంటారు, బోర్డు మీద బొమ్మ కూడా ఉంటుంది.

జలగ, దోమ, పాము

సింహరాజ అడవికి ఏడాదంతా వానే. జలగలు నేల మీద, ఆకుల అంచున నిలబడి తల ఊపుతూ మన వేడి కోసం వెతుకుతుంటాయి. అగ్గిపుల్ల కంటే సన్నం. కరిచినట్టు తెలియదు. మేజోడు తీసి చూస్తే వేళ్ల సందున నల్ల ద్రాక్షపండులా వేలాడుతూ ఉంటుంది. పీకేయకండి, ఉప్పు చల్లకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. గోటిని చర్మానికి ఆనించి దాని నోటి దగ్గర పక్కకు తోస్తే ఊడిపోతుంది. తర్వాత రక్తం చాలాసేపు కారుతుంది, అది గడ్డకట్టకుండా చేసే పదార్థాన్ని జలగే వదులుతుంది. సబ్బుతో కడిగి గుడ్డతో నొక్కి పెడితే చాలు. మోకాలిదాకా వచ్చే జలగ మేజోళ్లు అడవి గేటు దగ్గరే అమ్ముతారు. మొదటిసారి నేను డబ్బులు దండగని కొనలేదు. రెండు కాళ్లకూ కలిపి పదకొండు లెక్కపెట్టాను.

జలగది చూపులకే భయం. జబ్బు తెచ్చేది దోమ. మలేరియా లేని దేశమని 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకకు పట్టం కట్టింది. ఆ మరుసటి ఏడాదే 1,86,000కు పైగా డెంగీ కేసులొచ్చాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే కట్టుకుంటే సరిపోదు, పొద్దున్నే ఒంటికి మందు రాసుకుని బయల్దేరాలి. జ్వరమొస్తే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు. ఇంటికొచ్చాక పది రోజుల్లో జ్వరం తగిలినా, లంక వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి.

పాముల్లో మనకు తెలిసిన నాగుపాము, రక్తపింజర, కట్లపాము అక్కడా ఉన్నాయి, వాటి విషానికి వాడే మందు కూడా మన దేశం నుంచే వెళ్తుంది. చీకటి పడ్డాక టార్చి లేకుండా తోటలో నడవకండి. కాటు పడితే కట్లు కట్టడాలు, కోయడాలు మానేసి నేరుగా పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

గుడిలో, ఊళ్లో

అనూరాధపురంలో రువన్‌వెలిసాయ స్తూపం చుట్టూ రాతి పలకలు పరిచి ఉంటాయి. చెప్పులు చాలా దూరంలోనే విడవాలి. మేలో పట్టపగలు మా అత్తయ్యను తీసుకెళ్లాను. పది అడుగులు వేసి ఆవిడ కదల్లేక, ఏడవలేక నిలబడిపోయింది. తామరమొగ్గలు పట్టుకుని వెళ్తున్న ఒక పెద్దావిడ తన సంచిలోంచి తెల్ల మేజోళ్లు తీసి చేతిలో పెట్టి, ఒక్క మాట కూడా లేకుండా సాగిపోయింది. మేజోళ్లతో లోపలికి వెళ్లొచ్చు. మీ సంచిలో మనిషికి రెండు జతలు పడేయండి, లేదా పొద్దున ఎనిమిదికి ముందే వెళ్లండి.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు, వీలైతే తెల్లవి వేసుకోండి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం అక్కడ పెద్ద తప్పు. సెల్ఫీ తీసుకోవాలంటే వీపు తిప్పక తప్పదు కాబట్టి, సెల్ఫీయే వద్దు. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్నందుకు ఒక బ్రిటన్ యువతిని వెనక్కి పంపించేశారు. అలాంటి పచ్చబొట్టు ఉంటే పొడుగు చేతుల చొక్కా తప్పదు. సిగిరియలో ఆడవాళ్ల చిత్రాలను ఫొటో తీయకూడదు. అక్కడే బండకు కొండతేనె పట్లు వేలాడుతుంటాయి. గోల చేయొద్దని బోర్డులు పెట్టింది మర్యాద కోసం కాదు, తేనెటీగలు లేస్తాయని. దాదాపు 1,200 మెట్లు, తప్పించుకునే సందు లేదు. సెంటు పూసుకోకుండా పొద్దున్నే ఎక్కేయండి.

రావణుణ్ణి తిట్టకండి. ఈ మాట నవ్వులాట కాదు. అక్కడ చాలామందికి ఆయన పాతకాలపు గొప్ప రాజు. 2019లో పంపిన తమ తొలి ఉపగ్రహానికి రావణ-1 అని పేరు పెట్టుకున్న దేశం అది. అలాగే కాండీలో గైడు చివరి రాజు గురించి చెడ్డగా చెబుతుంటే మనకు రోషం వస్తుంది. శ్రీ విక్రమ రాజసింహ నాయక్కర్ వంశీకుడు, మదురై నుంచి పెళ్లి సంబంధాలతో వచ్చిన తెలుగు మూలాల కుటుంబం. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరుకు పంపారు, 1832లో అక్కడే పోయాడు. ఆయన తవ్వించిన చెరువే ఊరి మధ్య కనబడేది. ఆయన మనవాడని చెప్పుకోవచ్చు, వాదించక్కర్లేదు.

పున్నమి తేదీలు ముందే చూసుకోండి. ప్రతి పున్నమికీ, అంటే పోయకు, దేశమంతా సెలవు. మద్యం, మాంసం అమ్మరు. మేలో వచ్చే వెసాక్‌కు వీధుల్లో కాగితపు లాంతర్లు, రోడ్డు పక్కన ఉచిత భోజనాలు. వాటిని దన్సల అంటారు. పలికి చూడండి, మన దానశాలే. బౌద్ధవిహారం పన్సల, అది పర్ణశాల.

శాకాహారులకు ఒక ముల్లు. కొబ్బరి సంబల్‌లో, కూరగాయల కూరల్లో కూడా ఉంబలకడ అనే ఎండు చేప పొడి వేస్తారు. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, తిరగమోత. "ఉంబలకడ ఎపా, మాళు ఎపా" అని గట్టిగా చెప్పండి. మాళు అంటే చేప, ఎపా అంటే వద్దు. కొలంబో, హట్టన్, జాఫ్నాల్లో తమిళుల శైవ, అంటే శాకాహార, భోజనశాల దొరికితే నిశ్చింతగా తినొచ్చు.

ఏనుగు ఎదురైతే

హబరణ, ఉడవలవె రోడ్ల మీద సాయంత్రం ఆరు దాటితే బండి నడపొద్దు. ఉడవలవెలో ఏనుగులు కంచె దగ్గర నిలబడి అరటిపండ్లకు తొండం చాస్తాయి. అలా పెట్టిపెట్టి అలవాటు చేసినవాళ్ల వల్లే అవి బండ్లను ఆపడం నేర్చుకున్నాయి. మీరు పెట్టకండి. రోడ్డు మీద ఎదురైతే హారన్ కొట్టకుండా, హెడ్‌లైట్ ఆర్పి ఆర్పి వెలిగించకుండా, ఇంజను ఆపకుండా మెల్లగా వెనక్కి వెళ్లాలి. అంతదాకా చెవులు ఆడిస్తున్న ఏనుగు అవి విప్పి బిగబట్టిందంటే మీరు అప్పటికే దగ్గరగా వెళ్లిపోయారని. దిగి వీడియో తీయాలని మీ బావమరిది పట్టుబడితే తలుపు తాళం వేయండి.

నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, కొండల్లో ఫోను తడిస్తే ఇదే దిక్కు. పోలీసు 119. విపత్తు కేంద్రం 117. పర్యాటకులకు 1912. అంబులెన్సు 1990, డబ్బులక్కర్లేదు. అది 2016లో భారత ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముతో, మన 108 బండ్లు నడిపిన అనుభవంతోనే మొదలైంది.