ఈ కాలేజీ రిసీవర్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడా? చూసే పద్ధతి ఇదీ

మా జేఎన్‌టీయూ బ్యాచ్‌లో సగం మంది డల్లాస్ చుట్టుపక్కలే తేలారు, వాళ్ళ పుణ్యమా అని అనంతపురంలో కూర్చున్న మాకు కూడా అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. ఫాంటసీ లీగ్ పెట్టుకున్నాం, అంటే నిజం ఆటగాళ్ళని మన జట్టుగా ఎంచుకుని, వాళ్ళు మైదానంలో ఆడినదాన్ని బట్టి పాయింట్లు లెక్కేసుకునే ఆట. డబ్బులు గిబ్బులు లేవు, అట్టడుగున మిగిలినోడు ఊరికొచ్చినప్పుడు అందరికీ ఉగ్గాని బజ్జీ పెట్టించాలి, అంతే. మాది ఆటగాళ్ళని ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకునే లీగ్, అందుకని ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని టీంలు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే తంతు) అయ్యేసరికి కాలేజీ నుంచి వచ్చే కొత్త పిల్లల్లో ఎవడు పనికొస్తాడో తేల్చుకోవాలి. ఎక్కువ తగాదా వచ్చేది వైడ్ రిసీవర్ల దగ్గరే, అంటే మైదానం అంచున నిలబడి, పరిగెత్తి, క్వార్టర్‌బ్యాక్ (టీంలో బంతి విసిరేవాడు) విసిరిన బంతి పట్టేవాళ్ళ దగ్గర.

ముందుగా హైలైట్ వీడియోలు మానేయండి. వాటిలో పట్టిన బంతులే ఉంటాయి, పట్టిన బంతి చూసి ఎవడైనా చప్పట్లు కొడతాడు. మనకి కావాల్సింది బంతి వాడి దగ్గరికి రాని ఆటలు. ఒక మ్యాచ్‌లో రిసీవర్ ముప్పై నలభై సార్లు పరిగెడితే బంతి వచ్చేది ఏ ఎనిమిది పది సార్లో, మిగతా అన్నిసార్లూ వాడు ఖాళీ దొరకబుచ్చుకున్నాడా లేదా అన్నదే అసలు సంగతి. కాబట్టి మొత్తం మ్యాచ్ చూడాలి. అక్కడ శనివారం మధ్యాహ్నం ఆట మనకి రాత్రి తొమ్మిదిన్నరకో పదిన్నరకో మొదలవుతుంది, వాళ్ళ రాత్రి ఆటలైతే ఆదివారం తెల్లవారుజామున, అలారం పెట్టుకోవాల్సిందే. ఇంకో చిక్కేంటంటే టీవీ కెమెరా బంతి వెంబడే పోతుంది, దూరం పరిగెత్తే రిసీవర్ ఫ్రేములోంచి బయటికెళ్ళిపోతాడు. అందుకే మొదటి రెండు సెకన్లు కళ్ళు వాడి మీదే పెట్టి, తర్వాత రీప్లేలో ఎత్తు నుంచి చూపించే యాంగిల్ కోసం ఆగండి.

ఆ మొదటి రెండు సెకన్లలో చాలా ఉంది. ఎదురుగా కార్నర్‌బ్యాక్, అంటే రిసీవర్‌ని కాపలా కాసే అవతలి టీం వాడు, ఒక్క గజం దూరంలో నిలబడి, ఆట మొదలవగానే ఛాతీ మీద చేతులేసి ఆపాలని చూస్తాడు, దీన్నే ప్రెస్ అంటారు. అప్పుడు రిసీవర్ మొహం కాదు, పాదాలు చూడండి. పస లేనివాడు ఉన్నచోటే నాలుగైదు అడుగులు డ్యాన్సు వేస్తాడు, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అప్పటికే టైం అయిపోయింటుంది. పనిమంతుడు ఒక్క అడుగు లోపలికేస్తాడు, కార్నర్ నడుము అటు తిరిగేదాకా ఆగి, వాడి చెయ్యిని మణికట్టు దగ్గర కొట్టేసి బయటివైపు నుంచి జారుకుంటాడు. మూడో అడుగుకి కార్నర్ భుజం దాటిపోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ రిసీవర్ డవాంటే ఆడమ్స్ ఇన్నేళ్ళు బతికింది ఈ విద్య మీదే, 2014 డ్రాఫ్ట్‌లో వాడు రెండో రౌండ్‌లో 53వ పిక్ (అంటే మొత్తం మీద 53వ వాడిగా ఎంపికయ్యాడు), పరుగులో మెరుపేమీ కాదు. ఇంకొకటి, పన్నెండు గజాలు పరిగెత్తి టక్కున ఆగి వెనక్కి తిరగాల్సి వచ్చినప్పుడు ఆగడానికి ఎన్ని అడుగులు తీసుకుంటున్నాడో లెక్కపెట్టండి. రెండు మూడు అడుగుల్లో ఆగితే మంచిది. ఐదారు అడుగులు టపటపా కొట్టుకుంటూ, ముందే తల పైకెత్తి ఆగుతున్నాడంటే వాడు ఆగబోతున్నాడని కార్నర్‌కి తెలిసిపోతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ బంతిని కార్నర్ కొట్టేస్తాడు.

చేతుల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. బంతిని ఒంటికి దూరంగా అరచేతులతో పడుతున్నాడా, ఛాతీకి హత్తుకుంటున్నాడా చూడండి చాలు. ఒకటీ అరా జారవిడిస్తే నేను పెద్దగా మార్కులు తియ్యను, ఖాళీ సంపాదించుకోలేనివాడికి జారవిడిచే అవకాశం కూడా రాదు కదా.

ఇక లెక్కలు. మొత్తం గజాలు చూసి మురిసిపోకండి, తన టీంలో వాటా ఎంతో చూడండి. టీం మొత్తం బంతి విసిరి 3,000 గజాలు ముందుకి సాధిస్తే అందులో వీడివి 900 అయితే 30 శాతం. టచ్‌డౌన్లలో (బంతిని అవతలి చివరి గీత దాటించడం) కూడా అలాగే లెక్కేసి రెండింటి సగటు తీసుకుంటే, 30 శాతం దాటినవాడిని ఖాతరు చెయ్యొచ్చు. ఆ వాటా ఏ వయసులో వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. పంతొమ్మిదేళ్ళకే సీనియర్లని పక్కకి నెట్టి బంతి తనవైపు తిప్పుకున్నవాడు వేరు, ఇరవైమూడేళ్ళొచ్చాక చిన్నపిల్లల మీద ప్రతాపం చూపించేవాడు వేరు. కానీ ఈ లెక్కని గుడ్డిగా నమ్మినా ముంచుతుంది. 2019 ఎల్‌ఎస్‌యూ (లూయిసియానా స్టేట్ యూనివర్సిటీ) టీంనే తీసుకోండి, జమార్ చేజ్ 1,780 గజాలు, జస్టిన్ జెఫర్సన్ 1,540 గజాలు, బంతి విసిరేది జో బరో. అంతటి ఇద్దరు ఒకే టీంలో ఉంటే వాటా పంచుకోక తప్పదు. అందుకే పక్కన ఆడేవాళ్ళెవరో కూడా చూడాలి.

కాలేజీ ఆడే పద్ధతి కూడా కళ్ళకి గంతలు కడుతుంది. కొన్ని టీంలలో రిసీవర్‌కి వచ్చేవి మూడే పనులు, నేరుగా పరిగెత్తడం, ఆగడం, నిలబడ్డచోటే బంతి అందుకుని పరిగెత్తడం. బేలర్ యూనివర్సిటీ నుంచి వచ్చిన కోరీ కోల్మన్ 2015లో దేశంలోనే ఉత్తమ కాలేజీ రిసీవర్ అవార్డు కొట్టాడు, 2016 డ్రాఫ్ట్‌లో రిసీవర్లలో మొదట, 15వ పిక్‌గా పోయాడు, రెండు సీజన్లకే క్లీవ్‌లాండ్ వాళ్ళు వదిలించుకున్నారు. జిల్లా లీగ్‌లో మ్యాట్ పిచ్ మీద సెంచరీలు దంచినోడు రంజీకి పోయి తడబడినట్టే ఇది. రూల్స్ కూడా వేరే. కాలేజీలో ఒక్క కాలు గీత లోపల పడితే క్యాచ్ ఇచ్చేస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు కాళ్ళూ పడాలి, కాబట్టి అంచు మీద పట్టిన ప్రతి బంతినీ ఆపి చూసి, రెండో కాలు ఎక్కడ పడిందో గమనించండి. కాలేజీలోనే రెండు కాళ్ళూ ఈడ్చి పెట్టేవాడు కనిపిస్తే పేరు రాసి పెట్టుకోండి.

ఫిబ్రవరి ఆఖరికి ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని డ్రాఫ్ట్‌కి ముందు పరీక్షలు పెట్టి 40 గజాల పరుగు తీయిస్తారు, ఇక అందరూ స్టాప్‌వాచ్ పూజ మొదలెడతారు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటి రికార్డు కొట్టాడు, 9వ పిక్‌గా పోయాడు. ఏ సీజన్‌లోనూ వెయ్యి గజాలు దాటలేదు. అదే ఏడాది కూపర్ కప్ 4.62లో పరిగెత్తాడు, ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న కాలేజీ, మూడో రౌండ్‌లో 69వ పిక్. 2021లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింట్లోనూ లీగ్ మొత్తం మీద వాడే మొదటివాడు. అయినా పరుగుని పూర్తిగా తీసిపారెయ్యకండి, మరీ నెమ్మదైతే ఖాళీ దొరకదు. నేనైతే దాన్ని వడపోతకే వాడతాను, ఎంపికకి వాడను. బరువు గొడవ కూడా ఇంతే, 2021 డ్రాఫ్ట్‌లో డెవాంటా స్మిత్ 75 కిలోలే ఉన్నాడని ఎంత గోల చేశారో, రెండో సీజన్‌కే 1,196 గజాలు లాగాడు.

డ్రాఫ్ట్ రోజు వచ్చేసరికి మీ జాబితా మీ దగ్గరుండాలి, టీంలు తీసుకున్న వరసని బట్టి దాన్ని తారుమారు చెయ్యకండి. అలాగని ఆ వరసని అసలు పట్టించుకోకపోయినా తప్పే, ఎందుకంటే మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడికి టీం ఎక్కువ అవకాశాలిస్తుంది, ఐదో రౌండ్ వాడు ఒక్క నెలలో మెప్పించకపోతే బెంచీకే. 2020లో ఫిలడెల్ఫియా 21వ పిక్‌తో జేలెన్ రేగర్‌ని తీసుకుంది, తర్వాతి పిక్‌లోనే మిన్నెసోటాకి జెఫర్సన్ దొరికాడు, ఆ ఏడే 1,400 గజాలు కొట్టాడు. 2023లో పూకా నాకువా ఐదో రౌండ్‌లో 177వ వాడు, కాలేజీలో దెబ్బలు తగిలి చాలా ఆటలు పోగొట్టుకున్నాడు, అయినా కాలేజీ ఆఖరి రెండు సీజన్లలో ఆడినప్పుడు టీంలో పెద్ద వాటా వాడిదే. మొదటి సీజన్‌లోనే 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. దెబ్బల వల్ల అంకెలు తగ్గినవాడినీ, చేతకాక తగ్గినవాడినీ వేరు చెయ్యాలంటే మొత్తం గజాలు కాకుండా, పరిగెత్తిన ఒక్కో రూట్‌కి (బంతి కోసం ముందే అనుకున్న దారిలో తీసే పరుగు) ఎన్ని గజాలొచ్చాయో లెక్క చూడండి. రెండున్నర దాటితే గట్టివాడు, ఒకటిన్నర దగ్గరే ఆగితే ఎన్ని హైలైట్లున్నా మా లీగ్‌లో మాత్రం వాడిని వేరేవాళ్ళకే వదిలేస్తాను.