బండి తీయమంటే తీయాల్సిందేనా? మిలిటరీ తమ్ముళ్లకు ఒక పాత డ్రైవర్ మాట

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో మిలిటరీలో ఒక్కడైనా లేని వీధి వెతుక్కోవాలి. నేను ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సరుకులు, రవాణా చూసే విభాగంలో, ఎంటీ (మోటారు బండ్ల) డ్రైవర్‌గా చేరి హవల్దార్‌గా పెన్షన్ వచ్చాను. అప్పటి నుంచి కుర్రాళ్ల ఫోన్లు ఆగలేదు. ఎక్కువమంది అడిగేది ఒకటే. "మామా, నేను జీడీలో (జనరల్ డ్యూటీ జవాన్‌గా) చేరాను, డ్రైవర్‌గా కాదు. లైసెన్స్ ఉందని తెలిసి బండి తీయమంటున్నారు. నా వల్ల కాదని చెప్పొచ్చా?"

ఇష్టం లేక అయితే చెప్పకూడదు. నిజంగానే చేతకాకపోతే మాత్రం చెప్పి తీరాలి, అదీ తాళం చేతిలోకి తీసుకోకముందే. ఎలా చెప్పాలి, ఎవరికి చెప్పాలి, తర్వాత ఏం చూసుకోవాలి అన్నది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఆర్మీ యాక్ట్ 1950లో సెక్షన్ 41 ఉంది. పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన ఆర్డర్ పాటించకపోతే కోర్టు మార్షల్‌లో 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. కావాలనే ముఖం మీద ధిక్కరించాడని తేలితే 14 ఏళ్ల దాకా. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకూ అదే ఏడాది వచ్చిన చట్టంలో అదే నంబరు సెక్షన్. బండి తీయలేదన్నంత మాత్రాన ఎవరినీ 5 ఏళ్లు లోపల వేయరు, భయపడొద్దు. కానీ సీవో (కమాండింగ్ ఆఫీసర్) ముందు నిలబెట్టి, సర్వీసు కాగితాల్లో ఒక రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే శిక్ష పడ్డట్టు ఎర్ర సిరా రాత, కొట్టినా చాలు, నాయక్ ప్రమోషన్ దగ్గర అది కాలికి అడ్డం పడుతుంది.

"నా ట్రేడ్ వేరు కదా" అనే వాదన నిలబడదు. ఇన్‌ఫాంట్రీ పల్టన్లలో స్టీరింగ్ పట్టేది ఎక్కువగా అక్కడే శిక్షణ పొందిన జీడీ జవాన్లే. మన ప్రకాశం, నెల్లూరు పిల్లలు గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు ద్వారా అగ్నివీర్‌కు పోతారు కదా, ఆ నోటిఫికేషన్ ఒకసారి తీసి చదవండి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉన్నవాళ్లకు డ్రైవర్ అవసరాల కోసం ప్రాధాన్యం ఇస్తామని అందులోనే రాసి ఉంటుంది. ఆ లైసెన్స్ చూపించి చేరినవాడు తీరా యూనిట్‌లో నేను డ్రైవర్‌ని కాదంటే వినే నాథుడు ఉండడు.

అలాగని ఊళ్లో సంపాదించిన లైసెన్స్ జేబులో ఉంది కాబట్టి రేపే స్టాలియన్ (మిలిటరీ పెద్ద లారీ) ఎక్కమన్నారంటే గుడ్డిగా ఎక్కేయొద్దు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 18 దేశ రక్షణ పనికి వాడే కేంద్ర ప్రభుత్వ బండ్లకు వేరే లైసెన్స్ పెట్టింది. 18 ఏళ్లు నిండితే చాలు. బయట లారీ తోలాలంటే 20 ఏళ్లు నిండాలి, ఇక్కడ ఆ అడ్డు లేదు. అందుకే మీసం సరిగా రాని అగ్నివీర్ కూడా పెద్ద బండి మీద కనిపిస్తాడు. ఆ లైసెన్స్ మీద ఏ క్లాస్ బండ్లు తోలొచ్చో రాసి ఉంటుంది. యూనిట్‌లో కేడర్ (శిక్షణ కోర్సు) చేయించి, టెస్ట్ పెట్టి ఇస్తారు. జిప్సీ వరకే పాసైనవాణ్ని 2.5 టన్ను లారీ ఎక్కమంటే అప్పుడు నోరు తెరవాలి.

ఎలా తెరవాలంటే, డిటైల్ (రేపటి డ్యూటీల జాబితా) చదివిన రాత్రే ఎంటీ హవల్దార్ దగ్గరికి పో. పొద్దున బండి దగ్గర నిలబడి గొణగొద్దు, అప్పటికి ఆయన చేతిలో ఇంకో మనిషి ఉండడు, కోపం నీ మీదే పడుతుంది. "సాబ్, నేను జిప్సీ వరకే పాసయ్యాను, ఈ క్లాస్ నా లైసెన్స్‌లో లేదు. ట్రైనింగ్‌కు పంపితే తోలతాను" అని చెప్పు. చివరి మాట మర్చిపోవద్దు. అది ఉంటే నువ్వు పని ఎగ్గొట్టేవాడివి కాదని వినేవాడికి తెలుస్తుంది. ఆయన వినకపోతే ఆయన పైన ఉండే ఎంటీ జేసీవో (సుబేదార్ సాబ్), ఆ తర్వాత బండ్ల బాధ్యత చూసే ఆఫీసర్, ఎంటీవో. అక్కడా కాకపోతే అరపేజీ అర్జీ రాసి, తేదీ వేసి, ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో.

లైసెన్స్ ఒక్కటే కాదు, ముందే చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. మెడికల్ కేటగిరీ తగ్గి, నీ కాగితాల్లో బండి నడపరాదని డాక్టర్ రాసి ఉంటే ఆ కాగితం ఎంటీవో కళ్ల ముందు పెట్టాలి. చూపు తగ్గినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు సిగ్గుపడి దాస్తారు. దాచిన సంగతి యాక్సిడెంట్ అయ్యాక బయటికి వస్తే ఇక నీ తరఫున మాట్లాడేవాడు ఉండడు. రాత్రంతా గార్డు చేసి తెల్లారి కాన్వాయ్‌లో పేరు పడినా అంతే, డిటైల్ రాసేవాడికి గుర్తు చెయ్యి. చాలాసార్లు అది వాళ్ల నోటీసులో లేక జరిగేదే.

ఇక బండి నీదే అని తేలాక.

కార్ డైరీ, అంటే బండి రాకపోకలు రాసే పుస్తకం, తెరువు. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, ఎవరి ఆర్డర్ మీద, కిలోమీటర్ రీడింగ్ ఎంత, అన్నీ రాసి, సంతకం పడ్డాకే గేటు దాటాలి. ఆ డైరీలో డ్రైవర్‌గా ఎవరి పేరుందో స్టీరింగ్ వాడిదే. దారిలో ఎవరైనా "జరుగు, కాసేపు నేను తోలతా" అంటే నవ్వుతూనే ఇవ్వనని చెప్పు.

తర్వాత ఫస్ట్ పరేడ్, అంటే బండి తీయకముందు చేసే తనిఖీ. ఆయిల్, నీళ్లు, బెల్టు, టైర్లు, లైట్లు అందరూ చూస్తారు. ఎయిర్ బ్రేకు బండికి గాలి సంగతి మాత్రం కొత్తవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. చలి ప్రాంతంలో గాలి ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, పొద్దున్నే డ్రెయిన్ తిప్పి వాటిని వదలాలి. లేదంటే అవి గడ్డకట్టి పైపులో అడ్డం పడతాయి. తర్వాత ఇంజన్ వేసి గేజ్ మీద కన్నేసి కూర్చో. ముల్లు మెల్లగా లేస్తుంది. అది రావాల్సిన చోటికి వచ్చేదాకా వెనక ఎంతమంది హారన్ కొట్టినా బండి కదలకూడదు. తర్వాత ఇంజన్ ఆపి, బ్రేకు పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి పట్టు. ముల్లు కాస్త దిగి ఆగితే మంచిదే. దిగుతూనే ఉంటే ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం. బండి తీయొద్దు, డైరీలో రాసి వర్క్‌షాప్‌కు చూపించు. ఇలా బండిలో లోపం ఉందని ఆపడాన్ని ఆర్డర్ ధిక్కరించడం అనరు, కాకపోతే ఏ లోపమో కాగితం మీద ఉండాలి.

కొండ రోడ్డు డ్యూటీ పడబోయే పిల్లలకు సెలవులో ఒక పని చెబుతుంటాను. గిద్దలూరు నుంచి నంద్యాల బస్సెక్కి ముందు సీట్లో కూర్చోండి. దిగువమెట్ట దాటాక నల్లమల మలుపుల్లో ఆర్టీసీ డ్రైవర్ కాళ్లూ చేతులూ గమనించండి. దిగుడు మొదలవకముందే గేరు తగ్గిస్తాడు, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచడు. బండిని ఇంజన్ పట్టుకుంటుంది, బ్రేకు మలుపు దగ్గరే పడుతుంది. లడఖ్‌లోనైనా అరుణాచల్‌లోనైనా చేయాల్సింది ఇదే, రోడ్డు మాత్రం ఇంత బాగుండదు.

సొంత పనులకు తోలమంటే ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. స్కూల్ బస్సు, ఆసుపత్రి బండి, క్యాంటీన్ సామాను, ఇవన్నీ యూనిట్ ఆర్డర్ మీద నడిస్తే డ్యూటీయే, అందులో అనుమానం లేదు. కానీ ఒకరి ఇంటి పనికి, మిలిటరీ పనితో ఏ సంబంధమూ లేకుండా పంపితే అది చట్టబద్ధమైన ఆర్డర్ కింద నిలవడం కష్టం. అక్కడ వాదన పెట్టుకుంటే నీకే టెన్షన్. "సాబ్, డైరీలో ఏ డ్యూటీ అని రాయమంటారు?" అని వినయంగా అడుగు. రాయించే ధైర్యం లేని డ్యూటీలు చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. రాసి సంతకం పెడితే బాధ్యత పెట్టినవాడిది, నువ్వు తోలు. నోటి మాట మీద మాత్రం గేటు దాటొద్దు. డ్యూటీలో దెబ్బ తగిలితే ఇంజురీ రిపోర్ట్ రాస్తారు, డిసెబిలిటీ పెన్షన్‌కు ఆ కాగితమే ఆధారం. ఆ వేళ నువ్వు డ్యూటీలో ఉన్నట్టు డైరీలో లేకపోతే ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది. నిజంగా అన్యాయం జరుగుతుంటే ఆర్మీ యాక్ట్ సెక్షన్ 26 కింద నీ కంపెనీ కమాండర్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. అన్ని మెట్లూ ఎక్కాక ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మనకు చెన్నై బెంచ్. ఒక డ్యూటీ డిటైల్ కోసం అంత దూరం పోవాలని చెప్పే లాయర్ మాట మాత్రం వినొద్దు.

యాక్సిడెంట్ అయితే పారిపోవద్దు, ఎవరు భయపెట్టినా సరే. దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు చెప్పడం చట్టం నీ మీద పెట్టిన బాధ్యత. యూనిట్‌కు ఫోన్ చెయ్యి, బండి ఉన్న తీరు, టైర్ల గుర్తులు ఫోటోలు తీయి, చూసినవాళ్ల పేర్లు రాసుకో. ఇన్సూరెన్స్ కాగితం అడిగితే కంగారుపడొద్దు. ఇలాంటి ప్రభుత్వ బండ్లకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 146లో మినహాయింపు ఉంది. నష్టపరిహారం దావా కేంద్ర ప్రభుత్వం మీద వేస్తారు. అసలు ప్రభుత్వం కట్టాలా అన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది. 1962లో సుప్రీంకోర్టు విద్యావతి కేసులో, ఉదయపూర్ కలెక్టర్ జీపును వర్క్‌షాప్ నుంచి తెస్తూ డ్రైవర్ చేసిన ప్రమాదానికి రాజస్థాన్ ప్రభుత్వమే బాధ్యత వహించాలంది. తర్వాత ఢిల్లీ హైకోర్టు కూడా, హాకీ జట్టును తీసుకెళ్లిన డ్యూటీలో ఎయిర్‌ఫోర్స్ బండి చేసిన ప్రమాదంలో, ఆటగాళ్లను మోయడం ప్రభుత్వం మాత్రమే చేయగల సార్వభౌమ పని కిందికి రాదు, కేంద్రం కట్టాల్సిందేనని తేల్చింది.

డబ్బు ప్రభుత్వం కడుతుంది సరే, కేసు మాత్రం నీ మీదే. నిర్లక్ష్యంగా తోలి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 ఏళ్ల దాకా శిక్ష. డ్యూటీలో చేసిన పనికి కేంద్రం అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదన్న రక్షణ చట్టంలో ఉంది, కానీ తాగి తోలినవాడు దాని మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది. యూనిట్‌లో కోర్టు ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. నీ పేరుకు, నడవడికకు మచ్చ తెచ్చే విచారణ అయితే ఆర్మీ రూల్ 180 ప్రకారం మొదటి నుంచి చివరి దాకా నిన్ను కూర్చోబెట్టాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి. "నువ్వు బయట ఉండు, తర్వాత పిలుస్తాం" అంటే రూల్ నంబరు చెప్పి లోపల ఉంటానని అడుగు. చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఇంగ్లీషు రాకపోతే హిందీలో చదివి వినిపించమను.

సెలవు మీద వచ్చే పిల్లలకు ఒక మాట. కంభం రోడ్డులో బుల్లెట్ మీద పోతూ పోలీసు ఆపితే మిలిటరీ లైసెన్స్ తీసి చూపిస్తారు. అది చెల్లదు. సెక్షన్ 18లోనే రాసి ఉంది, ఆ లైసెన్స్ మిలిటరీ బండ్లకు మాత్రమే. సొంత బండికి మామూలు లైసెన్స్ ఉండాల్సిందే.

అయితే దాని వల్ల ఒక లాభం ఉంది, చాలామంది వాడుకోరు. సెక్షన్ 18 కింద లైసెన్స్ ఉన్నవాడికి, ఇంతకు ముందు ఉన్నవాడికి కూడా, అదే క్లాస్ సివిల్ లైసెన్స్ టెస్ట్ లేకుండా ఇవ్వొచ్చని సెక్షన్ 9లో ఉంది. హెవీ తోలినవాడు పెన్షన్ వచ్చాక మళ్లీ డ్రైవింగ్ స్కూల్‌కు వేలకు వేలు పోసి నేర్చుకున్నట్టు నటించనక్కర్లేదు. డిశ్చార్జ్ కాగితాలు తయారయ్యేటప్పుడే నీ డ్రైవింగ్ క్వాలిఫికేషన్, తోలిన బండ్ల క్లాస్ డిశ్చార్జ్ బుక్‌లో పడ్డాయో లేదో చూసుకో, మిలిటరీ లైసెన్స్ రెండు వైపులా జిరాక్స్ తీసి పెట్టుకో. ఊరికి వచ్చాక సారథి పోర్టల్‌లో అప్లై చేసి, ఫారం 1ఎ మీద డాక్టర్ సంతకం తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు పో. కౌంటర్ దగ్గర కుర్రాడు టెస్ట్ తప్పదంటే గొడవ పడకుండా సెక్షన్ 9, సబ్‌సెక్షన్ 3 ప్రింట్ తీసి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టు.