వడ్డీ రేటు అడిగినందుకే స్కోరు తగ్గింది: నా అనుభవం

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఫ్లాటు కొనాలన్న ఆలోచనతో, ఎక్కడ వడ్డీ తక్కువో తెలుసుకుందామని ఒక లోన్ ఏజెంటును కలిసి, అతడు అడిగిన పాన్ నంబరు ఇచ్చి, మూడు ఫారాలపై సంతకాలు కూడా చేశాను. అప్పటికి అప్పు తీసుకునే నిర్ణయమేదీ లేదు. రెండు నెలల తరువాత నా బ్యాంకుకు వెళ్తే, ఐదు సంస్థలు నా అప్పుల రికార్డు చూశాయని, అప్పు తీర్చే తీరును బట్టి ఇచ్చే క్రెడిట్ స్కోరు తగ్గిందని మేనేజరు గారు చెప్పారు. ఒక్క వాయిదా కూడా తప్పని నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది.

మన అప్పుల వివరాలు నమోదు చేసే క్రెడిట్ సమాచార సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి కనుక, ముందుగా వాటిలో ఒకటైన సిబిల్ నుంచి నివేదిక తెప్పించుకున్నాను. మన నివేదికను మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. దరఖాస్తు మీద రుణదాత చూసినప్పుడే అది ఎంక్వయిరీగా లెక్కకు వస్తుంది, అవి కొద్దికాలంలో పేరుకుంటే ఈ మనిషి అప్పు కోసం తిరుగుతున్నాడన్న అర్థం వస్తుంది. ఈ సంగతి ఏజెంటు ముందే చెప్పి ఉండవలసింది. ఐదింటిలో మూడు నా సంతకాల వల్ల వచ్చినవే కనుక వాటిని తొలగించమని అడగలేదు. మిగిలిన రెండు సంస్థల పేర్లే నేను ఎరుగను. వాటిపై సిబిల్ వెబ్‌సైటులో వివాదం నమోదు చేసి, రుణదాత ధ్రువీకరించనిదే సిబిల్ తనంతట తాను మార్చదు కాబట్టి, ఆ సంస్థలకు కూడా విడిగా లేఖలు రాసి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధనను ప్రస్తావించాను. రెండూ తొలగిపోయాయి.

ఆపై ఆరు నెలలు ఎక్కడా దరఖాస్తు చేయలేదు. వడ్డీ వివరాలను పాన్ ఇవ్వకుండా నోటిమాటగానే అడిగాను. తరువాత ఒకే బ్యాంకులో దరఖాస్తు చేయగా రుణం మంజూరైంది.