జున్ను తల వాలిపోయిన రోజు నుంచి: కుక్కకు పక్షవాతం అనిపిస్తే ఇంట్లో ఏం చేయాలి

తెల్లవారుజామున గోడకు ఏదో రాసుకుంటున్న చప్పుడైతే లేచాను. పదమూడేళ్ల మా జున్ను నిలబడాలని చూస్తోంది, లేచిన ప్రతిసారీ ఎడమ పక్కకే కూలబడుతోంది. తల ఎడమకి ఒరిగిపోయింది. కళ్ళు రెండూ నిలకడ లేకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. పక్కనే వాంతి. "పక్షవాతం వచ్చేసింది, ఇక అయిపోయినట్టే" అన్నారు మా ఆయన. నేనూ అదే అనుకున్నాను. ఇద్దరం తొందరపడ్డాం.

అచ్చం పక్షవాతంలా కనిపించేది ఇంకొకటి ఉంది. ఒంటిని పడిపోకుండా నిలబెట్టే ఏర్పాటు లోపలి చెవిలో ఉంటుంది. ముసలి కుక్కల్లో అది ఏ కారణమూ దొరక్కుండా ఉన్నట్టుండి చెడుతుంది. దాన్ని వెస్టిబ్యులర్ సిండ్రోమ్ అంటారు. చూడ్డానికి గుండె ఆగినంత పనవుతుంది గానీ, చాలా కుక్కలు మూడు రోజుల్లోపే తేరుకోవడం మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో మళ్ళీ నడుస్తాయి. చెవి లోపలి ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే పడేస్తుంది. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ మోతాదు మించినా ఇంతే. కాబట్టి మొదటి రోజే "దాన్ని ఇంకా బాధపెట్టడమెందుకు" అనే మాటకు వెళ్ళకండి.

ఏదన్నది తేల్చడం మన పని కాదు. మనం చేయాల్సింది, ఫోన్లో ఒక నిమిషం వీడియో తీయడం. ముందు కళ్ళు దగ్గరగా, తర్వాత నడిపించకుండా అది తనంతట తాను కదిలే తీరు. క్లినిక్‌కి చేరేసరికి సగం లక్షణాలు మారిపోవచ్చు. మా డాక్టరు ఆ వీడియోనే మూడుసార్లు చూసింది. కళ్ళు పక్కలకు కొట్టుకుంటున్నాయా, పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయా అని. పైకీ కిందికీ అయితే అనుమానం చెవి మీద నుంచి మెదడు మీదికి వెళుతుంది. తర్వాత జున్నును కడుపు కింద పట్టుకుని నిలబెట్టి, ఒక్కొక్క పాదాన్నీ వెనక్కి మడిచి నేల మీద పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న కుక్క వెంటనే పాదం సరిచేసుకుంటుంది. జున్ను కుడి కాళ్ళు సరిచేసుకుంది, ఎడమవి అలాగే వదిలేసింది. అందుకే "మెదడు వెనక భాగంలో స్ట్రోక్ అని అనుమానం" అని రాసింది. ఖాయంగా చెప్పాలంటే ఎమ్మారై తీయాలి, దానికి మత్తివ్వాలి. మేము వద్దనుకున్నాం. స్ట్రోక్ అయినా, చెవి సమస్య అయినా ఇంట్లో చేసే సేవ ఇంచుమించు ఒకటే. కానీ బీపీ, రక్తం, మూత్రం, థైరాయిడ్ పరీక్షలు మాత్రం వదలకండి. కుక్కల్లో స్ట్రోక్ వెనక చాలాసార్లు బీపీయో, కిడ్నీ జబ్బో, కుషింగ్స్ వ్యాధో (ఒంట్లో కార్టిసాల్ హార్మోను ఎక్కువైపోవడం), గుండె జబ్బో దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకోకపోతే మళ్ళీ వచ్చే ప్రమాదం ఉంది.

మనుషుల మాత్రలు వేయకండి. ఆస్పిరిన్ అసలే వద్దు. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందో, నాళం చిట్లి రక్తం కారుతోందో బయటి నుంచి తెలియదు. రెండోదైతే ఆస్పిరిన్ దాన్ని పెంచుతుంది. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కుక్కలకు విషమే. ఇంట్లో మిగిలిన పాత చెవి మందు కూడా పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని మందులు లోపలి చెవిని ఇంకా పాడుచేస్తాయి. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా, చిగుళ్ళు తెల్లబడినా నీలంగా మారినా, పిలిస్తే పలక్కపోయినా అర్ధరాత్రయినా సరే బయల్దేరాల్సిందే.

ఇక ఇంటి సంగతి. మొదటి మూడు రోజులు జున్ను లేవలేదు. మందమైన పరుపు వేసి, దాని మీద తడి పీల్చే గుడ్డ పరిచాం. లేవలేని కుక్కను నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రిళ్ళు కూడా. లేకపోతే మోచేతుల దగ్గర, తుంటి దగ్గర చర్మం ఒరుసుకుని పుళ్ళు పడతాయి. వెల్లకిలా దొర్లించకండి. వాటికి అసలే లోకం గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది. ముందు ఛాతీ మీద కూర్చోబెట్టి, ఒక నిమిషం ఆగి, అప్పుడు రెండో పక్కకి వాల్చాలి. మేం రాత్రి రెండింటికి ఆయన, ఆరింటికి నేను అని వంతులేసుకున్నాం. చీకట్లో దానికి ఇంకా కంగారు. చెవి ఇచ్చే కబురు తప్పుగా ఉన్నప్పుడు కుక్క కళ్ళ మీదే ఆధారపడుతుంది. చిన్న దీపం వెలుగుతూ ఉంచిన రాత్రి నుంచి దాని మూలుగు తగ్గింది.

నేను చేసిన పెద్ద తప్పు నీళ్ళ దగ్గర. నోరెండిపోతోందని జాలిపడి, పడుకున్నదానికి పడుకున్నట్టే సిరంజితో నీళ్ళు పట్టాను. పొలమారి దగ్గింది. మర్నాటికి ఊపిరి వేగంగా తీయడం మొదలైంది, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయి. స్ట్రోక్ కంటే నేను పోసిన నీళ్ళే దాన్ని ఎక్కువ బాధపెట్టాయి, వారం పాటు యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చింది. అందుకని ఇది జాగ్రత్తగా చదవండి. వాంతులు ఆగేదాకా నోట్లోకి ఏమీ వద్దు, వాంతి తగ్గడానికి డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత కూడా ముందు రెండు వైపులా దిండ్లు పెట్టి ఛాతీ మీద నిటారుగా కూర్చోబెట్టాలి. తల పైకెత్తకూడదు. గిన్నెను మూతి ఎత్తుకు తేవాలి. వేలితో కాస్త మెత్తటి తిండి చూపిస్తే తనే నాకాలి. మింగలేకపోతే పట్టకండి, సెలైన్ పెట్టించండి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వండి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్ఫై దాటుతుంటే ఫోన్ చేయండి.

అయిదో రోజు ఒక విచిత్రం చూశాను. గిన్నెలో కుడి సగం నున్నగా నాకేసింది, ఎడమ సగం ముట్టుకోలేదు. అరగలేదేమో అనుకున్నాను. గిన్నె తిప్పి పెట్టగానే మిగిలింది తినేసింది! ఒక పక్క ఉన్నది దాని బుర్రకు అందడం లేదంతే. ఆ రోజు నుంచి గిన్నె తిప్పడం నాకు అలవాటైంది. పిలిచేటప్పుడు, తాకేటప్పుడు కూడా దానికి తెలిసే పక్క నుంచే వెళ్ళండి. రెండో పక్క నుంచి చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కరిచే అవకాశం ఉంది, మన కుక్కే అయినా.

మూత్రం సంగతి చాలామంది మర్చిపోతారు. నిలబడలేని కుక్క పడుకుని పోయడానికి ఇష్టపడక బిగపట్టుకుంటుంది. ఏడెనిమిది గంటలకోసారి బయటికి తీసుకెళ్ళి కడుపు కింద తువ్వాలు వేసి నిలబెట్టండి. పన్నెండు గంటలైనా పోయకపోతే డాక్టరుకు చెప్పండి. కడుపు నొక్కి పోయించడం వాళ్ళ దగ్గర నేర్చుకోకుండా చేయొద్దు. తడిస్తే వెంటనే కడిగి పొడిగా తుడవాలి, వెనక కాళ్ళ మధ్య ముఖ్యంగా.

జున్ను బరువు ఇరవై రెండు కిలోలు. నా నడుముకు ఆ లెక్క బాగా తెలుసు. మొదట్లో ఎక్కడికైనా ఎత్తుకునే తీసుకెళ్ళాం. డాక్టరు కోప్పడింది. పాదం నేలకు ఆనకపోతే మెదడు కొత్తగా నేర్చుకోవడానికేమీ ఉండదు. కాబట్టి పెద్ద తువ్వాలు మడిచి వెనక కాళ్ళకు కాస్త ముందు కడుపు కింద వేసి, రెండు కొసలూ పైన పట్టుకుని, పడకుండా కాపాడేంత మాత్రమే బరువు మోస్తూ నడిపించండి. మొదట రెండు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. నున్నటి గచ్చు మీద కాదు. మేం ఇంట్లో ఉన్న యోగా చాపలు, పాత కాళ్ళపట్టాలు వరసగా పరిచి దారి చేశాం. మెట్లకు అడ్డం పెట్టాం. పడుకున్నప్పుడు ఒక్కొక్క కాలూ సైకిల్ తొక్కినట్టు మెల్లగా పది పదిహేను సార్లు, రోజుకు మూడు పూటలు ఆడించాలి. బిగుసుకుంటే అక్కడే ఆపాలి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తిన్నది, పోసింది, ఎన్ని అడుగులు వేసింది, అంతే. రోజూ చూసేవాళ్ళకు మార్పు కనిపించదు. నాలుగో రోజు నాకు ఏమీ బాగుపడలేదనిపించింది, మొదటి పేజీ తిప్పితే "తల ఎత్తలేదు" అని ఉంది. స్ట్రోక్ అయితే మెరుగు మొదటి కొన్ని వారాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి రెండు మూడు రోజుల తర్వాత కూడా రోజురోజుకూ దిగజారుతుంటే అది వేరే జబ్బు కావచ్చు, మళ్ళీ చూపించాలి. తిండి ముట్టక, నొప్పి ఆగక, మనిషిని గుర్తుపట్టక వారాలు గడుస్తుంటే అప్పుడు నొప్పి లేకుండా దాన్ని సాగనంపడం అనే ఆ కష్టమైన మాట డాక్టరుతో మాట్లాడొచ్చు. ఆ మాట మాట్లాడినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

జున్ను ఆరో వారానికి తువ్వాలు లేకుండా గుమ్మం దాకా వెళ్ళింది. తల ఇప్పటికీ కొంచెం ఎడమకే ఉంటుంది. ఒళ్ళు విదిలించుకుంటే తూలుతుంది. అందుకే స్నానం చేయించాక నేను దాని ఎడమ పక్కన మోకాలు ఆనించి నిలబడతాను, ఆ విదిలింపు అయిపోయేదాకా.