పత్తి తీతకు ముందే చెకప్: రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయినవారికి జాగ్రత్తలు

దసరా దాటితే వరంగల్ చుట్టుపక్కల పత్తి తీత ఊపందుకుంటుంది, చెకప్ తేదీ మరుగున పడుతుంది. కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కే ముందే ఇవి చూసుకోండి.

• టామాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి హార్మోన్ మాత్రలను సొంతంగా ఆపకండి. ఒంట్లో బాగానే ఉందని మానేయడం అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు. సాధారణంగా 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్ల వరకు వాడాలి. జబ్బు తిరగబెట్టే ముప్పును తగ్గించేవి ఇవే. కీళ్ల నొప్పులు భరించలేకపోతే డాక్టర్ మందు మార్చవచ్చు. మానేసి, వాడుతున్నానని మాత్రం చెప్పకండి.

• నెలసరి ఆగిపోయాక రక్తపు మరక కనిపిస్తే, చిన్నదైనా చెప్పండి. టామాక్సిఫెన్ వాడేవారికి గర్భాశయ పరీక్ష అవసరం కావచ్చు. నోటితో చెప్పడానికి సిగ్గనిపిస్తే చీటీ రాసివ్వండి.

• పాత మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఫిల్ములు, మొదటి బయాప్సీ (గడ్డ ముక్క పరీక్ష) రిపోర్టు వెంట తీసుకెళ్లండి. పాతవి, కొత్తవి పక్కపక్కన పెడితేనే మార్పు తెలుస్తుంది.

• చంకలో గ్రంథులు తీసిన వైపు చేతికి తొడుగు వేసుకోండి. ఎండిన పత్తికాయ గీరినా ఇన్ఫెక్షన్ రావచ్చు, వాపు మొదలవవచ్చు. చెయ్యి ఎర్రబడి వేడెక్కితే చెకప్ తేదీ దాకా ఆగవద్దు.

• వారాల తరబడి తగ్గని నడుం నొప్పి, దగ్గు ఎప్పుడు మొదలయ్యాయో రాసుకోండి. ‘పని వల్లే’ అని మీరే తేల్చేయకండి.